వంట మీది, గొంతు మీది... మరి ఖాతా ఎవరిది?

ఇంటరు అయిపోయిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే వేసవిలో వచ్చిన ప్రతి చుట్టమూ అడిగేది ఒకటే మాట. "అమ్మాయిని ఏం చదివిద్దామనుకుంటున్నారండీ?" ఇంజనీరింగ్ అంటే సరే. డిగ్రీ, ఆ తర్వాత బీఎడ్ అంటే మరీ సరే. నర్సింగ్ అన్నా "పైదేశం పోవచ్చు లెండి" అని తలూపుతారు. అదే "బొమ్మలు బాగా వేస్తుందండీ, ఆ వైపు పంపుదామని..." అని చెప్పి చూడండి! కాఫీ గ్లాసు కింద పెట్టి మీ మొహంలోకి జాలిగా చూస్తారు.

వాళ్లని అని లాభం లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పంతులమ్మగారు, నర్సమ్మగారు, గల్ఫ్ వెళ్లొచ్చిన పిన్నిగారు ప్రతి వీధిలోనూ కనబడతారు. కెమెరా పట్టుకునో, గొంతు అరువిచ్చో, బొమ్మలు గీసో బతుకుతున్న ఆడమనిషి అంత సులువుగా కనబడదు. సినిమావాళ్లు వస్తారు, మన కాలవ గట్టునీ కొబ్బరితోటనీ తీసుకుని వెళ్లిపోతారు. కనబడని దారిలో కూతుర్ని పంపడానికి ఏ తల్లయినా వెనకాడుతుంది. అందుకే ఈ వారం ఆ దారి సంగతి. అందులో ముఖ్యంగా డబ్బు సంగతి.

పంటు దాటితే లేసు

సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే అవతలి ఒడ్డు నర్సాపురం. లేసుకి పేరుపడ్డ ఊరు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక డెల్టా ఊళ్లలో ఇంటింటా పాకింది. అరుగు మీద కూర్చుని అల్లినవి ఓడలెక్కి విదేశాల బల్లల మీద పరుచుకున్నాయి. ఈ అల్లే ఆడవాళ్ల మీద మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆవిడ ఎత్తిచూపిన విషయం చిన్నదిగా కనబడుతుంది గానీ గుచ్చుకుంటుంది. గంటల తరబడి చేసే ఆ పనిని వ్యాపారులూ, ఇంట్లోవాళ్లూ ఎవరూ "పని" అనలేదట. "ఇంట్లో ఆడవాళ్లు తీరిక వేళ చేసుకునేది" అన్నారు. తీరిక వేళ అల్లికకి గిట్టుబాటు కూలి ఎవరిస్తారు చెప్పండి? అల్లేది ఆడవాళ్లు, అమ్మి డబ్బు లెక్కపెట్టుకునేది మగవాళ్లు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి వచ్చిన పేరు సంతోషమే. అల్లే చేతికి ఎంత వస్తుందన్నది వేరే లెక్క.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటారా? సెల్‌ఫోను ముందు జరుగుతున్నదీ అదే కాబట్టి. అత్తగారు పనసపొట్టు కూర చేస్తారు, కొడుకు వీడియో తీస్తాడు. ఛానల్ కొడుకు పేర, పాస్‌వర్డు అల్లుడి దగ్గర, బ్యాంకు ఖాతా ఇంటాయనది. "మా ఆవిడకి అదో సరదా అండి" అంటారు. లక్షమంది చూసే సరదా!

వయసుకీ చదువుకీ సంబంధం లేదు

గుంటూరు జిల్లా తెనాలి దగ్గరి గుడివాడలో మస్తానమ్మగారని ఓ అవ్వ ఉండేవారు. మునిమనవడు సరదాకి తీసిన వంట వీడియోతో మొదలై, ఆవిడ చేతివంట చూసే చందాదారులు పది లక్షలు దాటారు. నూరేళ్లు దాటాయని చెప్పుకునే వయసులో, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, గోళ్లతోనే అల్లం చెక్కు తీసేసేవారు. 2018 డిసెంబరులో వెళ్లిపోయారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ పొలం పనులు చేసుకుంటూనే మై విలేజ్ షోలో నటించి, 2020లో బిగ్‌బాస్ ఇంటికి వెళ్లొచ్చి, ఊళ్లో సొంత ఇల్లు కట్టుకున్నారు. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్లు కారు.

వాళ్లని చూసి రేపే ఛానల్ తెరిచేయమనడం లేదు. వంటల ఛానళ్లు ఇప్పటికే కుప్పలు. నా మటుకు నాకు కెమెరా ముందున్న కుర్చీ కన్నా వెనకున్న పనులే నమ్మకంగా కనబడతాయి. ఆత్రేయపురం తీసుకోండి. 2023లో అక్కడి పూతరేకులకి కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి పిండి నీళ్లలో ముంచిన గుడ్డ, ఒక్క లాగుతో పొరలాంటి రేకు. ఆ నేర్పు ఆడవాళ్లదే. కానీ డబ్బా మీద బొమ్మ ఎవరు వేశారు? ఫొటో ఎవరు తీశారు? హైదరాబాదులోనో రాజమండ్రిలోనో డబ్బిచ్చి చేయించుకున్నవే చాలా ఉంటాయి. బండారులంక చీరలు వాట్సాప్‌లో అమ్మేవాళ్లకీ అదే అవసరం. ఫొటోలు, లేబుళ్లు, అర నిమిషం వీడియోలు, పక్క రాష్ట్రంవాళ్లకి అర్థమయ్యేట్టు నాలుగు ముక్కల ఇంగ్లీషు... ఇవన్నీ పనులే. ఊళ్లో ఉండి చేయదగ్గవే.

(అన్నట్టు, పూతరేకులు ఫొటో తీసేటప్పుడు తెల్ల పళ్లెం పెట్టకండి, రేకు కనబడదు. అరిటాకు మీద పెట్టి, పక్క కిటికీ వెలుతురులో తీయండి. ఫ్లాష్ వద్దు.)

గొంతు అమ్ముకోవడం

మన "ఆయ్" అనే యాసని వెక్కిరించినవాళ్లే ఇప్పుడు దానికోసం వెతుకుతున్నారు. సినిమా డబ్బింగే కాదు, ఆడియో యాప్‌లలో కథలు చదవడానికి, ప్రకటనలకి, పాఠాలకి గొంతులు కావాలి. మాతృభాష తమిళమైన చిన్మయి 2010లో 'ఏ మాయ చేసావె'లో సమంతకి తెలుగులో గొంతిచ్చి పేరు తెచ్చుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనకి భయమెందుకు? ఇంటి దగ్గర రికార్డింగుకి పెద్ద గదేం అక్కర్లేదు. బొంతలూ, చీరలూ ఉన్న చిన్న గది మేలు, గోడల మోత ఉండదు. కోడిపుంజుల మాట మాత్రం చెప్పలేను, తెల్లారకముందే ముగించుకోండి.

ఇందులో రెండు జాగ్రత్తలు. "రిజిస్ట్రేషన్‌కి ముందు మూడు వేలు కట్టండి, తర్వాత పని ఇస్తాం" అంటే ఫోను పెట్టేయండి. పనిచ్చేవాడు మనకి డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోడు. రెండోది కొత్త బెడద. మీ గొంతు అరగంట రికార్డు చేసుకుని, కంప్యూటరుకి నేర్పి, ఆ తర్వాత మీతో పనిలేకుండానే మీ గొంతుతో మాట్లాడించుకోవచ్చు. 2023లో అమెరికాలో నటీనటులు 118 రోజులు సమ్మె చేసిన కారణాల్లో ఇదీ ఒకటి. కాబట్టి "నా గొంతు ఏ పనికి, ఎన్నాళ్లకి?" అని కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనన్నవాళ్లకి గొంతు ఇవ్వకండి.

రేడియో అనగానే జహీరాబాద్ దగ్గరి మాచునూరు చెప్పుకోవాలి. 2008 నుంచి అక్కడ సంఘం రేడియోని పల్లెటూరి దళిత మహిళలే నడిపించారు. విత్తనాలు, పాటలు, వంటలు, అన్నీ వాళ్ల మాటలోనే. చిత్తూరు జిల్లాలో 2001లో పొదుపు సంఘాల ఆడవాళ్లే విలేకర్లుగా 'నవోదయం' పత్రిక వచ్చింది. లంక ఊళ్లకి వరదొస్తే ఏ గట్టు తెగిందో, ఏ రేవులో పడవ ఉందో అక్కడివాళ్ల కన్నా బాగా ఎవరు చెబుతారు?

చదివించాలనుకుంటే

తిరుపతిలో 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజమూ ఉంది, సంగీతమూ ఉంది. ఆడపిల్లల యూనివర్సిటీ కాబట్టి నాన్నగారి బెంగ సగం తగ్గుతుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం, ఫైన్ ఆర్ట్స్ రెండూ చదవొచ్చు. బొమ్మలు వేసే పిల్లలకి కడపలో 2020లో మొదలైన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. డిజైన్ మీద గట్టి పట్టుదల ఉంటే ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది, దానికి ఇంటర్లో ఏ గ్రూపైనా ఫరవాలేదు, ప్రవేశ పరీక్ష మాత్రం దేశమంతటితో పోటీ. మగ్గం మీద మనసుంటే వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ డిప్లొమా. ఫీజులు, తేదీలు ఏటా మారతాయి. వాళ్ల ప్రకటన చూసుకోండి, ఏజెంటు మాట వినకండి.

ఇంటి దగ్గరే ఉండి నెట్ మీద పనిచేద్దామనుకునేవాళ్లు ఒకటి మరవకూడదు. 2022 మే నెలలో జిల్లా పేరు గొడవల్లో అమలాపురం చుట్టుపక్కల ఇంటర్నెట్ ఆపేస్తే, పని పోతుందన్న భయంతో జనం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ దొరికేచోటు వెతుక్కున్నారు. గాలివానకి కరెంటు పోవడం మనకి కొత్తా? ఒప్పుకున్న పని గడువుకి రెండు రోజుల ముందే పంపేయడం అలవాటు చేసుకోండి. గోదావరి దాటాక ఓ బంధువుల ఇల్లుంటే మరీ మంచిది.

ఇక ఖాతా. యూట్యూబ్ ప్రకటనల మీద డబ్బు రావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. చిన్న వీడియోలకైతే తొంభై రోజుల్లో కోటి వీక్షణలు. ఆ డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతా తెరవడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. మొదటిరోజే ఆ ఖాతా వంట చేసే మనిషి పేర తెరవండి, ఆవిడ బ్యాంకు పుస్తకం, ఆవిడ పాన్ కార్డు, ఆవిడ ఫోను నంబరు ఇచ్చి. తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే ఇంట్లో మాట తేడాలొస్తాయి. పాస్‌వర్డు పోపుల డబ్బాలో దాచినా ఫరవాలేదు, ఆవిడకి తెలియాలి. లెక్క పది డాలర్లకి చేరగానే ఓ రహస్య నంబరుతో గూగుల్ నుంచి నిజంగానే ఉత్తరం వస్తుంది, పోస్టులో. వంద డాలర్లయితేగానీ డబ్బు కదలదు. ఆ ఉత్తరం ఆవిడ పేరనే వస్తుంది గనక డోరు నంబరు, వీధి, పిన్‌కోడు సరిగా రాయండి. మనవైపు ఒకే పేరున్నవాళ్లు వీధికి నలుగురుంటారు, పోస్టుమాన్‌గారికి ముందే ఓ మాట చెప్పి ఉంచండి.