పల్నాటి మిరపకు సముద్రమెంత దూరం?

పల్నాడు అనగానే మనకు గుర్తొచ్చేవి బండరాళ్ళు, నాపరాయి, కారంపూడి రణరంగం, నాగులేరు, ఎర్రటి మిరప కల్లాలు. సముద్రం మాత్రం గుర్తుకు రాదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన మన జిల్లాకు అంగుళం కూడా సముద్రతీరం లేదు. అటువంటప్పుడు నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో చదువుకొనే విద్యార్థికి ఓడల సంగతి, రేవుల సంగతి ఎందుకని ఎవరైనా అడగవచ్చు.

ఎందుకో చెప్పడానికి ఒక్క రైతు పొలం చాలు. ఆ పొలంలో చల్లే పొటాష్ దాదాపు మొత్తం విదేశాలనుండి ఓడమీద వచ్చినదే. పండిన తేజా కాయ చైనా, బంగ్లాదేశ్, థాయిలాండ్, శ్రీలంక వంటి దేశాలకు ఓడమీద పోతుంది. పక్క పొలంలోని పత్తి గణపవరం, చిలకలూరిపేట మిల్లుల్లో నూలై, అందులో కొంత మళ్ళీ ఓడ ఎక్కుతుంది. ట్రాక్టరులో పోసే డీజిల్‌కు ముడి చమురు సముద్రం దాటి వచ్చింది. అంటే ఆ రైతు పెట్టుబడి సముద్రంమీద వస్తున్నది, ఆదాయం సముద్రంమీద పోతున్నది. ఆయన మాత్రం జీవితంలో ఓడను చూసి ఉండకపోవచ్చు!

పాత బాట

ఈ సంబంధం నిన్న మొన్నటిది కాదు. మాచర్ల పక్కనున్న నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంనాటి శాసనాలు దొరికినవి. అక్కడ సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనంలో కంటకసేల పేరు కనిపిస్తుంది. అదే నేటి కృష్ణాజిల్లా ఘంటసాల. గ్రీకు భూగోళ రచయిత టాలెమీ కూడా దానిని వర్తక స్థలంగా పేర్కొన్నాడు. అంటే పదిహేడు వందల ఏళ్ళ క్రితమే కృష్ణ ఒడ్డున ఉన్న మన విజయపురికి సముద్రం మీదుగా రాకపోకలు ఉన్నవన్నమాట.

తరువాత మోటుపల్లి. నేటి బాపట్ల జిల్లాలోని ఈ రేవులో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం చరిత్ర విద్యార్థులందరికీ తెలిసినదే. అంతకుముందు రాజులు గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా తమదేనని లాక్కొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, ముప్పయ్యవ వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోనని వర్తకులకు హామీ ఇచ్చాడు. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో మళ్ళీ అటువంటి హామీనే శాసనంగా వేయించాడు. శ్రీనాథుని హరవిలాసం అంకితం పొందిన అవచి తిప్పయసెట్టి కొండవీటి కాలంవాడే. ఆయన సరుకు తెప్పించిన దేశాలలో చీనా, సింహళంతోపాటు హురుమంజి కూడా ఉన్నది. ఇప్పుడు చమురు ఓడల వార్తల్లో వినబడే హోర్ముజ్ అదే.

ఆ శాసనాల సారాంశం ఒక్కటే: ఓడవాడికి కావలసినది నమ్మకం, ఇంత అని తేలిన ఖర్చు. ఇవి రెండూ దొరికిన రేవుకు ఓడ వస్తుంది. లేకపోతే రాదు. ఈనాటికీ సూత్రం మారలేదు.

పెట్టె తెచ్చిన మార్పు

ఓడ సరుకు స్థూలంగా రెండు రకాలు. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువులు, బియ్యం వంటివి ఒకే ఓడలో ఒకే సరుకుగా పెద్దమొత్తంలో పోతవి. దీనిని బల్క్ సరుకు అంటారు. ఓడ మొత్తం ఒక వ్యాపారి సరుకుతోనే నిండుతుంది కాబట్టి ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తుంది. రెండవది పెట్టె సరుకు, అంటే కంటైనర్లలో పోయేది. మన మిరప, పసుపు, నూలు, రొయ్యలు ఇందులోకి వస్తవి.

1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే లారీల యజమాని 'ఐడియల్ ఎక్స్' అనే ఓడమీద 58 ఇనుప పెట్టెలు పెట్టి నెవార్క్ నుండి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకుముందు బస్తా బస్తా కూలీల వీపుమీద ఎక్కి దిగేది, ఓడ రోజులతరబడి రేవులో పడి ఉండేది. పెట్టె వచ్చాక లారీమీద ఉన్నది ఉన్నట్టుగా ఓడమీదికి పోయింది. దొంగతనాలు తగ్గినవి, కాలం కలిసివచ్చింది, కిరాయి అంతకంతకు దిగివచ్చింది. 20 అడుగుల పెట్టెను ఒక కొలతగా లెక్కిస్తారు. ఇప్పటి పెద్ద ఓడలు అటువంటి పెట్టెలు ఇరవై వేలకు పైగా మోస్తవి.

ఐతే ఇందులో ఒక చిక్కు ఉన్నది. కంటైనర్ ఓడ మన ఆర్టీసీ బస్సులాంటిది. దానికి రూటుంటుంది, టైముంటుంది, స్టాపులుంటవి. పది మంది ప్రయాణికులున్నారని ప్రతి ఊరికీ బస్సు వేయరు గదా! పెద్ద ఓడ కొన్ని పెద్ద రేవులలోనే ఆగుతుంది. చిన్న రేవులనుండి చిన్న ఓడలు పెట్టెలను పోగుచేసి కొలంబో, సింగపూర్ వంటి చోట పెద్ద ఓడకు ఎక్కిస్తవి. మన దేశంలో ఇలా ఓడ మారే పెట్టెలలో దాదాపు ముప్పాతిక వంతు విదేశీ రేవులలోనే మారుతున్నవని ప్రభుత్వమే చెబుతూ వచ్చింది. ఈ కొరత తీర్చడానికే కేరళలో విళింజం రేవు కట్టారు. 2025 మే 2న ప్రధాని దానిని జాతికి అంకితం చేశారు.

ఒక టిక్కీ ప్రయాణం

గురజాల దగ్గర కోసిన కాయ కల్లంలో ఎండి, తాలు వేరుచేసి, టిక్కీలలోకి ఎక్కుతుంది. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర కాటా పడుతుంది. ధర లేకపోతే కోల్డ్ స్టోరేజికి, మన వాళ్ళ మాటలో 'ఏసీ'కి, పోతుంది. ఎగుమతిదారు కొన్నాక తేమ చూడాలి, తొడిమ తీయించాలి, బూజువల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం హద్దులో ఉన్నదని పరీక్ష చేయించాలి, పురుగు లేకుండా మందుపొగ పట్టించి ధ్రువపత్రం తీసుకోవాలి. అప్పుడు పెట్టెకు సీలు పడుతుంది.

ఆ పెట్టె ఎక్కడికి పోతుంది? నరసరావుపేట నుండి బాపట్ల పక్కనున్న సూర్యలంక తీరం నూరు కిలోమీటర్ల లోపే. కాని పెట్టె మాత్రం ఎక్కువగా దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరానున్న చెన్నై ప్రాంతపు రేవులకు పోతున్నది. సముద్రం పక్కనే ఉన్నా మన సరుకుకు సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల దూరం! మిరపకు బరువు తక్కువ, చోటు ఎక్కువ కావాలి. కాబట్టి పెట్టె కిరాయి దానిమీద మరీ గట్టిగా పడుతుంది.

రేవు చేరాక ఓడ ఆలస్యమైతే పెట్టెకు ఇచ్చిన ఉచిత రోజులు అయిపోతవి. ఆ తరువాత రోజుకింతని డెమరేజి. చివరకు ఓడ ఎక్కినట్టు ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ అనే కాగితం బ్యాంకుకు చేరితేగాని డబ్బు చేతికి రాదు. ఆ కాగితం వట్టి రసీదు కాదు, సరుకుమీద హక్కు పత్రం. అది ఎవరి చేతిలో ఉంటే సరుకు వారిది.

ఎక్కడో గండి, ఇక్కడ నష్టం

2021 మార్చి 23న సూయజ్ కాలువలో 'ఎవర్ గివెన్' అనే 400 మీటర్ల ఓడ అడ్డం తిరిగి ఇరుక్కున్నది. ఆరు రోజులు ప్రపంచ వ్యాపారానికి గొంతులో ముల్లు పడినట్లయింది. ఆ ఏడే కోవిడ్ కారణంగా ఖాళీ పెట్టెలు కావలసిన చోట లేక కిరాయిలు ఆకాశాన్నంటినవి. 2023 నవంబరు నుండి ఎర్రసముద్రంలో హూతీల దాడులు మొదలైనవి. పెద్ద ఓడ కంపెనీలు ఆ దారి మాని ఆఫ్రికా చుట్టూ తిరిగిపోసాగినవి. యూరపు ప్రయాణం పది నుండి పద్నాలుగు రోజులు పెరిగింది.

మన మిరప ఎక్కువగా తూర్పు దేశాలకు గదా పోయేది, ఎర్రసముద్రంతో మనకేమి పని అనవచ్చు. పని ఉన్నది. దారి పొడుగైతే అదే సరుకు మోయడానికి ఎక్కువ ఓడలు, ఎక్కువ పెట్టెలు కావాలి. అవి ఎక్కడినుండి వస్తవి? మిగిలిన దారులనుండే. దాంతో అన్ని దారులలోనూ కిరాయి పెరుగుతుంది. కాలువ పై రైతు నీరు ఎక్కువ వాడితే కింది రైతుకు తగ్గడం సాగర్ ఆయకట్టువాళ్ళకు వేరే చెప్పాలా?

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక పెట్టెలో 150 క్వింటాళ్ళ మిరప పడుతుందనుకొందాం. కిరాయి, ఆలస్యం ఖర్చులు కలిసి ఒక లక్ష రూపాయలు పెరిగినవనుకొందాం. క్వింటాలుకు సుమారు 670 రూపాయలు. ఈ భారం ఎవరు మోస్తారు? విదేశంలోని కొనుగోలుదారు ఇంకో చోట కొంటానంటాడు. ఎగుమతిదారు తన కొనుగోలు ధర తగ్గించుకొంటాడు. యార్డులో వ్యాపారి ఆ మేరకు పాట దించుతాడు. ఇక దించడానికి రైతు కింద ఎవరూ లేరు. కౌలు రైతు ఐతే మరీ అన్యాయం. ఓడ కిరాయి పెరిగిందని కౌలు తగ్గించే ఆసామి ఎక్కడా ఉండడు.

2025 ఆరంభంలో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టిన సంగతి మనకు తెలుసు. ధర పడడానికి కారణాలు అనేకం. పంట పెరగడం, ఏసీలలో పాత నిలువలు, విదేశీ గిరాకీ తగ్గడం. అన్నిటినీ ఓడల మీదికి నెట్టడం న్యాయం కాదు. కాని అటువంటి ఏడాదిలో క్వింటాలుకు 670 రూపాయల తేడా అంటే కోత కూలి వచ్చిందా రాలేదా అన్నంత తేడా.

రేవులున్నవి, ఓడలేవి?

మన రాష్ట్ర తీరం పాత లెక్కలో 974 కిలోమీటర్లు. కొత్త కొలతలో వెయ్యి దాటింది. 1933లో తెరిచిన విశాఖ, తరువాత కాకినాడ, 2008లో కృష్ణపట్నం, 2009లో గంగవరం వచ్చినవి. 2022లో రామాయపట్నం, 2023లో మూలపేట, మచిలీపట్నం రేవులకు శంకుస్థాపనలు జరిగినవి. 2025లో ఈ మూడూ ఇంకా నిర్మాణంలోనే ఉన్నవి.

మచిలీపట్నం సంగతి ప్రత్యేకం. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు దిగిన రేవది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు, పట్నం కోలుకోలేదు. దానికితోడు కృష్ణ తెచ్చే ఒండ్రువల్ల అక్కడ సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడ రావాలంటే కాలువ తవ్వాలి, తవ్విన కాలువ పూడకుండా ఏటా చూసుకోవాలి.

ఐతే రేవు కట్టినంత మాత్రాన సరిపోదు. 2024 ఆరంభంలో కృష్ణపట్నంలో కంటైనర్ల పని ఆగి, ఆ పెట్టెలు తమిళనాడు రేవులకు మళ్ళడం పెద్ద వార్త అయింది. లోతున్నది, క్రేన్లున్నవి. ఐనా సరుకు తగినంత లేకపోతే ఓడ రాదు. ఓడ సరిగా రాకపోతే వ్యాపారి సరుకు తేడు. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు అన్నట్టున్నది. ఈ ముడి విప్పాలంటే మొదట లోపలి జిల్లాల సరుకు ఒకచోట పోగుకావాలి. గుంటూరు మిరప, పల్నాటి నూలు, బాపట్ల రొయ్య, దుగ్గిరాల పసుపు ఎవరికి వారు లారీ కట్టించుకొని పోతున్నంత కాలం ఏ ఓడ కంపెనీకీ మన సరుకు ఎంతో కనబడదు. అన్నీ ఒకే గిడ్డంగి దగ్గర చేరి, వారానికి ఇన్ని పెట్టెలని ఖాయమైననాడు ఓడ తానే వెతుక్కుంటూ వస్తుంది.

రైలు, నది

ఇందుకు రెండు దారులు మన గడపముందే ఉన్నవి. ఒకటి నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం. సుమారు 309 కిలోమీటర్లు. పిడుగురాళ్ళ నుండి శావల్యాపురం వరకు ముక్క ముందుగా పూర్తయింది. మొత్తం పూర్తయితే సిమెంటు, సున్నం, మిరప విజయవాడ రద్దీలో చిక్కకుండా నేరుగా దక్షిణాది రేవుల వైపు పోవచ్చు.

రెండవది కృష్ణానది. 2008లో ప్రకటించిన నాలుగవ జాతీయ జలమార్గంలో వజీరాబాదు నుండి విజయవాడ దాకా 157 కిలోమీటర్ల కృష్ణ ఉన్నది. దాని కుడి ఒడ్డు చాలా మేర మన పల్నాడే. 2017లో పనులకు శంకుస్థాపన జరిగింది. అనుకొన్నంత సరుకు మాత్రం దానిమీద ఇంకా నడవలేదు. సిమెంటు, రాయి వంటి బరువు సరుకుకు నీటిదారి అన్నిటికన్నా చవక. కాని ఏడాది పొడుగునా నీటి లోతు నిలవాలి. సాగుకు, తాగుకు, పడవకు నీరు పంచుకోవడమంటే తేలిక కాదు. ఇది ఇంజనీర్లు ఒక్కరే తేల్చగల విషయం కాదు.

చదువుకొన్నవారి పని

2025లో పార్లమెంటు సముద్ర వ్యాపార చట్టాలను తిరగరాసింది. 1856 నాటి బిల్లుల చట్టం, 1908 నాటి రేవుల చట్టం, 1925 నాటి సముద్ర సరుకు రవాణా చట్టం, 1958 నాటి వర్తక నౌకల చట్టం పోయి కొత్తవి వచ్చినవి. అంతర్జాతీయ సముద్ర సంస్థ 2020 నుండి ఓడ ఇంధనంలో గంధకం అరశాతానికి మించరాదన్నది. ఈ శతాబ్దం నడిమికి ఓడల పొగవల్ల కలిగే కాలుష్యం నికరంగా సున్నా కావాలని 2023లో తీర్మానించింది. ఇవన్నీ ఖర్చులు, ఇవన్నీ అవకాశాలు కూడా.

ఓడ ఉద్యోగమంటే కెప్టెను, ఇంజనీరు మాత్రమే కాదు. విశాఖలో భారత సముద్ర విశ్వవిద్యాలయపు ప్రాంగణం ఉండనే ఉన్నది. మన కామర్సు విద్యార్థికి ఎగుమతి కాగితాలు, బీమా, కస్టమ్స్ పని ఉన్నది. కెమిస్ట్రీ విద్యార్థికి మిరప పరీక్షశాల ఉన్నది. లెక్కల విద్యార్థికి పెట్టెల పంపిణీ లెక్క ఉన్నది. ఇవి తెలిసిన పదిమంది పల్లెకు తిరిగివచ్చి, రైతుల సంఘం తరఫున నేరుగా ఒక పెట్టె పంపగలిగితే మధ్య మెట్లలో ఒకటి రెండైనా తగ్గవా?

గణపతిదేవుడు ముప్పయ్యవ వంతు మించి అడగనని రాతిమీద చెక్కించింది ఓడవానికి ధైర్యం కోసం. ఇవాళ అటువంటి హామీ కావలసినది ఓడవానికే కాదు, ఆ ఓడ ఎన్నడూ చూడని మిరప రైతుకు కూడా. తన క్వింటాలులో దారి ఖర్చు ఎంత, అది ఎవరి చేతిలో పడుతున్నది అని అడిగి తెలుసుకొనే హక్కు ఆయనకున్నది. ఆ లెక్క విప్పి చెప్పగల చదువు మనకున్నది. మిత్రులారా, ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆ లెక్కతోనే మొదలుపెడదాం.