సలహా చెప్పేటప్పుడు

మా నిజాంపేట అపార్టుమెంట్లలో అన్ని రాష్ట్రాల వాళ్ళూ ఉన్నారు. ఇరుగుపొరుగుతో ఇంగ్లీషు తప్పదు. మొన్న పక్కింటి అమ్మాయి బాబుకు జ్వరం. "డాక్టరుకు చూపిస్తే మంచిదమ్మా" అనబోయి, "యూ హ్యాడ్ బెటర్ టేక్ హిమ్ టు ఎ డాక్టర్" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

మన 'మంచిది'లో మెత్తదనం ఉంది. 'హ్యాడ్ బెటర్'లో 'లేకపోతే నీకే ముప్పు' అన్న హెచ్చరిక ధ్వనిస్తుందట! 'యూ షుడ్' సలహాయే గాని, కాస్త పెద్దరికం. 'వై డోంట్ యూ' అంటే మన 'చూపించకూడదూ?' లాంటిది. 'ఇఫ్ ఐ వర్ యూ' అంటే 'నేనైతే'. ఇవి నొప్పించవు. అన్నట్టు, పది సలహాలు చెప్పినా 'అడ్వైసెస్' అనకూడదు. 'అడ్వైస్' అనే అనాలి.

సాయంత్రం మళ్ళీ వెళ్ళి, "వై డోంట్ యూ..." అని మొదలుపెట్టాను. బాబును ఎత్తుకుని నాతోనే బయలుదేరింది.