అంచు రంగు చెడకుండా వీడియో పంపడం ఎట్లా?

1936 ఏప్రిల్ 1వ తేదీన బరంపురం మద్రాసు రాజధాని నుండి విడివడి ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. మన కుటుంబాలు ఇక్కడే నిలిచిపోయినవి. బంధువులు మాత్రం శ్రీకాకుళం, విశాఖలు మొదలు అమెరికా వరకు వ్యాపించినారు. ఇంట పెండ్లి జరిగినా, రెండేండ్లకొకసారి ఠాకురాణీ యాత్ర వచ్చినా, దూరాన ఉన్నవారు చూచేది ఫోనులో వీడియోయే. అందులో పెండ్లికూతురి చీర బూడిద పట్టినట్లు కనబడితే కెమెరాను తిట్టుకుంటాము. తరచు దోషం కెమెరాలో ఉండదు. చివర ఫైలు తయారుచేయడంలో ఉంటుంది.

సంగతి ఏమనగా, కంప్యూటరు వెలుగును 0 నుండి 255 వరకు లెక్కిస్తుంది. 0 కటిక నలుపు, 255 తెల్లని తెలుపు. టెలివిజను లెక్క వేరు. అందులో 16 నలుపు, 235 తెలుపు. సంకేతం కాస్త అటూ ఇటూ పొంగినా చెడకుండా రెండు కొసలా జాగా విడిచిపెట్టినారు. 1982 నాటి డిజిటల్ టెలివిజను ప్రమాణంలోని ఈ లెక్కనే నేటి ఇంటర్నెట్టు వీడియో కూడా సాధారణంగా అనుసరిస్తున్నది.

ఒక లెక్కన వ్రాసినదానిని మరొక లెక్కన చదివితేనే చిక్కు. కుంచాలలో కొలిచి, చీటీ మీద సేర్లని వ్రాసినట్లే! 16–235 ఫైలును 0–255గా చదివితే నలుపు బూడిదగా మారి, తెలుపు మాసిపోతుంది. తారుమారైతే 16కు దిగువవన్నీ ఒకే నలుపు, 235కు ఎగువవన్నీ ఒకే తెలుపు. రాత్రి ఊరేగింపులో ముఖాలు చీకటిలో కలిసిపోతవి. ముదురురంగు పట్టుచీర మీది కుంభాల అంచు కనబడదు.

బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఆ అంచే దాని ఆనవాలు. వీడియో చూచి బేరం చేసినవారికి చేరిన చీర వేరు రంగున ఉంటే, నష్టపడేది నేతగాడే.

కాబట్టి ఈ పనులు చేయవలెను. ఎడిటింగులో వేవ్‌ఫారం తెరిచి, నలుపు అడుగు గీతకు దిగకుండా, తెలుపు పై గీత దాటకుండా లెవెల్స్ సవరించాలి. కంటిని మాత్రమే నమ్మరాదు. చీకటి గదిలో ప్రతి బొమ్మా వెలుగుగానే తోస్తుంది. ఎక్స్‌పోర్టులో లెవెల్స్‌ను ‘వీడియో’ లేక ‘లిమిటెడ్’ అని, రంగుల ప్రమాణం రెక్ 709 అని ఎంచుకోవాలి. మన దేశంలో తీసిన పాత వీడియో క్యాసెట్లు సెకనుకు 25 ఫ్రేములవి. ఆ లెక్క మార్చరాదు. వాటికి డీఇంటర్లేస్ చేయకుంటే కదిలేచోట దువ్వెన పళ్లవంటి గీతలు పడతవి. 1080 వరుసల వీడియోకు హెచ్ 264 పద్ధతిలో సెకనుకు 8 మెగాబిట్లు సరిపోతుంది.

మరొక మాట. ఇట్టి ఫైళ్లలో నాలుగు చుక్కలకు కలిపి ఒక్క రంగే నిలుస్తుంది. అందుచేత సన్నని అంచును దూరం నుండి తీస్తే రంగులు అలుక్కుపోతవి. దగ్గరగా ఒకమారు తీయడం మంచిది.

పంపేముందు అర నిమిషం ముక్క తయారుచేసి ఫోనులోను, కంప్యూటరులోను చూడండి. అసలు ఫైలును మాత్రం చెరిపివేయకండి. నెట్టులో ఎక్కించినది మళ్లీ కుదింపబడుతుంది. పోయిన వన్నె దానినుండి తిరిగిరాదు. మన పెద్దల ముఖాలు, మన మగ్గాల రంగులు మనుమలకు ఉన్నవి ఉన్నట్లుగా అందాలంటే ఈపాటి శ్రమ ఎక్కువ కాదని మా మనవి.