తవిటయ్య, బిసాహు, వూక్

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు మాట ఈనాటిది కాదు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకవైపు ఛత్తీస్‌గఢ్ మీదుగా సాగింది, మరోవైపు మన ఉత్తరాంధ్ర తీరం దాకా వచ్చింది. 1931లో రాయపూర్, విజయనగరం మధ్య లైను పూర్తయ్యాక దారి మరింత దగ్గరైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్లు ఇలవేల్పులతోపాటు పేర్లనూ వెంట తెచ్చుకున్నారు. వాటిలో తవిటయ్య ఒకటి. తవిటినాయుడు, తవుడు, ఆడపిల్లయితే తవిటమ్మ.

వరసగా పిల్లలు పుట్టి పోతున్న తల్లి, ఈసారి పుట్టిన బిడ్డను మంత్రసానికో పొరుగింటావిడకో ఇచ్చేసేది. ఆ వెంటనే ఇంత తవుడు కొలిచిపోసి, అదే బిడ్డను తిరిగి కొనుక్కునేది. ఆ కొనుగోలుకు గుర్తుగా పెట్టినదే ఆ పేరు. ఇప్పటికీ ఇళ్లలో పిల్లల్ని ఏడిపించడానికి "నిన్ను తవుడు పోసి కొన్నాం" అంటూంటాం. ఒకప్పుడు అది నిజంగా జరిగిన తంతు.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. బిడ్డను కొన్నాం కాబట్టి వాడు ఆ కడుపున పుట్టినవాడు కాదు, ఆ తల్లి దురదృష్టం వాడికి అంటదు. పైగా వాడి ఖరీదు తవుడు. అంత చవకవాడి మీద చావు కన్నెందుకు వేస్తుంది? పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసిన పెంటయ్య, ఎంగిలి విస్తట్లో పొర్లించిన పుల్లయ్య, భిక్షమెత్తి పెంచిన భిక్షమయ్య, అందరివీ ఈ కోవ పేర్లే. గత శతాబ్దం మొదట్లో మన దేశంలో పుట్టిన ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు ఏడాది నిండకుండానే పోయేవారు. ఈ పేర్లను మొరటువని నవ్వడం నాకు కష్టంగా ఉంటుంది. బిడ్డ బతకాలని ఇంతగా తపించిన పేర్లు మన భాషలో మరి లేవు.

బిలాస్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇలాంటి పేరు ఉంది: బిసాహు. ఛత్తీస్‌గఢీలో బిసాయ్ అంటే కొనడం, బిసాహు అంటే కొన్నవాడు. ఈ ప్రాంతపు కాంగ్రెస్ నాయకుడు బిసాహు దాస్ మహంత్ పేరులో ఉన్నది ఆ మాటే. అలా ఆంధ్ర నుంచి వచ్చిన తవిటయ్యకూ ఇక్కడి బిసాహుకూ భాష వేరైనా పేరు కథ ఒకటే.

సెర్బియా మగపేరు వూక్ కూడా వీటికి చుట్టమే. వూక్ అంటే తోడేలు. 1787లో పుట్టిన వూక్ కరాజిచ్, సెర్బియన్ లిపిని సంస్కరించిన పండితుడు, 1818 నాటి తన నిఘంటువులో ఈ పేరు కథ తానే రాశాడు. పిల్లలు దక్కని తల్లి బిడ్డకు వూక్ అని పెడుతుంది, పిల్లల్ని తినే మంత్రగత్తెలు తోడేలు జోలికి రారు, తనకూ అందుకే ఆ పేరు పెట్టారని. మన తల్లి బిడ్డను చులకన చేసి దాచింది, సెర్బియా తల్లి భయం పుట్టించేవాడిగా నిలబెట్టింది. ఆ వూక్‌కు పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది మాత్రం చిన్నతనంలోనే పోయారు.

మళ్లీ మన పేర్ల దగ్గరికి వస్తే, ఉత్తరాదివాళ్ల నోట తెలుగువాడంటే రావే. ఆ రావు వెనక, ఇంటిపేరు పక్కన, పొడి అక్షరంగా మిగిలిన "టి" ఒక్కోసారి తాత తవిటయ్యది. ఇవాళ దేశంలో ఏడాదిలోపు పోయే పసివాళ్లు వెయ్యికి ముప్పైకి లోపే. కొత్తగా తవుడు కొలిచే ఇళ్లు అరుదు, ఆ పేరు పెట్టేవాళ్లూ అరుదే.