మీకు తెలుసా? మందిరం పేరే మనిషి పేరైంది

1717 నవంబరులో పారిస్‌లోని నోత్రదామ్ చర్చి పక్కనే ఉన్న ‘సాఁ జాఁ లె రోఁ’ అనే చిన్న ప్రార్థనా మందిరం మెట్ల మీద ఒక పసికందు దొరికాడు. కన్నవాళ్లెవరో చెప్పేవాళ్లు లేక, మందిరం పేరునే బిడ్డకు పెట్టారు: జాఁ లె రోఁ. ‘లె రోఁ’ అంటే గుండ్రనిది. పూర్వం అక్కడ గుండ్రటి కట్టడం ఉండేదంటారు. అద్దాల పనివాడి భార్య రూసో ఆ బిడ్డను కడుపులో పెట్టుకుని పెంచింది. పెద్దవాడై పేరొచ్చాక కూడా ఆయన చాలా ఏళ్లు ఆమె ఇంట్లోనే ఉన్నాడు. ఆయనే ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం సంపాదకుల్లో ఒకరైన గణితవేత్త దాలంబేర్. ఈ ఇంటిపేరు వారసత్వంగా వచ్చింది కాదు. చదువుకునే రోజుల్లో ‘దారంబేర్’ అని రాయించుకుని, తర్వాత ఇలా మార్చుకున్నాడు.