వార్ధక్యమున ఇండ్ల మార్పిడి

మన అనంతపురపు సీమలో వానలు తక్కువ. బావులింకి, బిడ్డలు ఉద్యోగములకై దూరమేగగా, పల్లెలలోని మట్టిమిద్దెలయందు మిగిలిన వృద్ధదంపతులు వైద్యశాలకు చేరువగా పట్టణమున నుండగోరుట సహజము. పట్టణము విడిచి పల్లె చేరగోరువారును కలరు. అట్టివారు ఇల్లిచ్చి యిల్లు పుచ్చుకొనుట సులువని తలంతురు. ఆలోచన మంచిదే, కాని మాట నమ్మిక యొక్కటియే చాలదు.

1882వ సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టము ప్రకారము మార్పిడియు విక్రయమువలెనే జరుగవలెను. ఇంటి విలువ 100 రూపాయలు గాని అంతకు మించి గాని యున్నచో దస్తావేజు రిజిస్ట్రీ కావలయును. సంతకముచేసిన 4 మాసములలోపల దానిని సబు రిజిస్ట్రారునొద్ద దాఖలు చేయవలెను. కచేరికి పోజాలని రోగుల యింటికే యధికారి వచ్చుటకు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమున వీలున్నది.

పుచ్చుకొను నింటిని ధనమిచ్చి కొనుచున్నట్లే పరీక్షింపవలెను. ఏలయన, వచ్చిన యింటిపై పరులహక్కు తేలి మనము వెడలవలసివచ్చినచో, మన పాతయిల్లు తిరిగి కోరవచ్చునని చట్టము చెప్పుచున్నది. అయితే అది అవతలివారియొద్దగాని, వారి వారసులయొద్దగాని, ఉచితముగ పొందినవారియొద్దగాని యున్నప్పుడే. వారు దానిని వేరొకరికి అమ్మివేసినచో నష్టపరిహారమే గతి. డెబ్బదియేండ్ల ప్రాయమున వ్యాజ్యమాడి ధనము రాబట్టుట యెంత క్లేశము!

కావున మూలపత్రములను కన్నులార చూడవలెను. నకళ్లతో తృప్తి చెందరాదు. అసలు పత్రములు అప్పునకై బ్యాంకులో నుండవచ్చును. ఈసీ తీయించి తాకట్టులు కలవేమో చూడవలెను. గ్రామకంఠములోని యిండ్లకు తరచుగా పన్నురసీదులే యుండును. రసీదు హక్కు నీయజాలదు. పూర్వికులనుండి వచ్చిన యుమ్మడి యిల్లయినచో, 2005లో సవరింపబడిన హిందూ వారసత్వ చట్టము ప్రకారము కుమార్తెలకును కుమారులతో సమానమైన హక్కు కలదు గనుక వారి సంతకములను గూడ కోరవలెను.

ఈ కరవుసీమలో నీరే యింటికి ప్రాణము. బావిలో భాగము, బోరు, నడచు దారి, ఎల్లలు, హెచ్చుతగ్గులకై యిచ్చు రొక్కము—ఇవన్నియు దస్తావేజులో వ్రాయింపవలెను.

కన్నబిడ్డలతో మార్పిడియైనను ఏమరుపాటు తగదు. తమ్ము పోషింపవలెనను షరతును అందు చేర్పించిన యెడల, 2007వ సంవత్సరపు వృద్ధుల పోషణ చట్టము ప్రకారము, అది తప్పినప్పుడు 60 ఏండ్లు నిండినవారు ఆ బదిలీని రద్దుచేయుమని ట్రిబ్యునలును కోరవచ్చును. షరతు వ్రాయనిచో ఈ రక్షణ దొరకుట కష్టము.

ఇల్లాలి స్వంతగృహ మిచ్చినప్పుడు వచ్చు గృహమును ఆమె పేరనే యుండవలెను. పత్రమును తాను చదువుకొనియో, చదివించుకొని వినియో, అర్థమైన పిమ్మటనే సంతకము చేయవలెను.