టైమింగు బెల్టు విప్పుటకు ముందు

ధాన్యపు మిల్లులలో మోటారునుండి యంత్రమునకు పోవు వెడల్పాటి బెల్టును మనలో పెక్కుమంది చూచియే యుందురు. అది అప్పుడప్పుడు కొంచెము జారినను బియ్యమునకు వచ్చు నష్టమేమియు లేదు. కారు ఎంజినులోని టైమింగు బెల్టు అట్టిది కాదు. దాని లోపలి వైపున పండ్లుండును. వానిలో ఒక్కటి తప్పినను ఎంజిను సరిగా నడువదు. మరికొన్ని తప్పినచో, కొన్ని రకముల ఎంజినులలో పిస్టను పోయి వాల్వులను కొట్టును, వాల్వులు వంగిపోవును. అప్పుడు బెల్టు ఖర్చుతో పోవలసిన పని ఎంజిను పైభాగమంతయు విప్పువరకు వచ్చును.

క్రింద తిరుగు క్రాంకుషాఫ్టు పిస్టనులను నడపును. పైన తిరుగు కాంషాఫ్టు వాల్వులను తెరచును. క్రాంకు రెండు చుట్లు తిరుగుసరికి కాంషాఫ్టు ఒక్క చుట్టు మాత్రమే తిరుగవలెను. అందుచేతనే పైచక్రమునకు పండ్లు రెట్టింపు. గడియారపు ముళ్ళవలె ఈ రెండును ఒకదాని నొకటి తప్పరాదు. ఈ పనికి పండ్లబెల్టును వాడిన మొదటి కార్లలో జర్మనీలో 1962లో వచ్చిన గ్లాస్ 1004 ఒకటి. మన అంబాసిడరుకు గొలుసే యుండెడిది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మూడు సిలిండర్ల ఎంజినుకు మాత్రము బెల్టు కలదు.

అడవిపొలములో ఇంటి ముంగిటనే ఈ పనికి పూనుకొనువారు మొదట తమ కారు మరమ్మతు పుస్తకమును దగ్గర నుంచుకొనవలెను. అది తరచుగా ఇంగ్లీషులోనే యుండును. చదివి తండ్రికి తెలుగులో చెప్పవలసిన వారు విద్యార్థులారా, మీరే! గుర్తుల బొమ్మ యున్న పుటను తప్పక చూపుడు.

బండిని చదునైన నేలపై నిలిపి, ఎంజిను పూర్తిగా చల్లారనిండు. చక్రములకు అడ్డుకట్టెలు పెట్టి, బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. జాకీ బండిని లేపుటకే గాని మోయుటకు కాదు; కావున స్టాండు లేనిదే బండిక్రింద చేయి పెట్టరాదు. గోదావరి యొడ్డు తేమకు బోల్టులు తుప్పుపట్టును గనుక, ముందునాడే నూనె చుక్కలు వేసి యుంచుట మేలు.

క్రాంకు పుల్లీ బోల్టు మిక్కిలి బిగువు. ఒకరు గేరులో నుంచి బ్రేకు తొక్కి పట్టగా, వేరొకరు దానిని వదులు చేయవలెను. ఈ పని గుర్తులు కలుపుటకు ముందే కావలెను; తరువాత చేసినచో షాఫ్టు కదలి, చేసిన శ్రమ వ్యర్థమగును. పిమ్మట గేరును న్యూట్రలునకు తెచ్చి, స్పార్కు ప్లగ్గులను విప్పినచో ఎంజిను చేతితో తేలికగా తిరుగును. ప్లగ్గు తీగలకు అంకెలు వేసి కట్టుడు.

ఇక అసలు పని. బెల్టు మూత తీసి, ఎంజిను మామూలుగా తిరుగు దిక్కుననే మెల్లగా త్రిప్పుచు, క్రాంకు గుర్తును దాని ఎదుటి గీతకు తేవలెను. ఇంతటితో తృప్తి పడరాదు. పిస్టను ఒక ఆవర్తనములో రెండుమార్లు పైకి వచ్చును. క్రాంకు గుర్తు రెండుసారులును ఒకేరీతిగా కనబడును. కాంషాఫ్టు గుర్తు మాత్రము ఒక్కసారియే సరిపోవును. అది కలియనిచో క్రాంకును మరియొక పూర్తిచుట్టు త్రిప్పవలెను. రెండు గుర్తులును కలిసిన తరువాత, పాత బెల్టుపైనను చక్రములపైనను తెల్లరంగుతో గీతలు గీయుడు. తయారీదారు గుర్తులు మడ్డిక్రింద కనబడకపోవుట సామాన్యము.

టెన్షనరును, నీటిపంపును, నూనె కారుచున్న సీళ్ళను ఇప్పుడే పరీక్షింపవలెను. నూనె తగిలిన క్రొత్తబెల్టు ఎక్కువకాలము నిలువదు.

బెల్టు తీసిన పిమ్మట ఏ షాఫ్టును విడిగా త్రిప్పరాదు. క్రొత్తది వేసి బిగించి, తాళము త్రిప్పకముందే క్రాంకును చేతితో రెండు పూర్తిచుట్లు త్రిప్పి, గుర్తులు మరల కలిసినవో లేదో చూడుడు. త్రిప్పుచుండగా ఎచ్చటనైన గట్టిగా అడ్డు తగిలినచో, బలము చూపక అచ్చటనే యాగి, గుర్తులను మొదటినుండి చూచుకొనవలెను.